సూది తగలని గళ్ళు

మస్కట్‌లోని అల్ మవాలేలో చాంద్ బీ నడిపే లేడీస్ టైలరింగ్ షాపు ముందు ఒక మధ్యాహ్నం ఆ ఎర్ర కారు వచ్చి ఆగింది. మిషన్ మీద నుంచి తలెత్తి చూసిన రాబియాకు నవ్వొచ్చింది. రెండే తలుపులు. వెనక సీటే లేదు. పొట్ట నేలకు తగులుతుందేమో అన్నంత కిందికి ఉంది. 'పిల్లా జెల్లా ఉండే ఇంటికి ఇది ఏం పనికొస్తాది?' అనుకుంది.

అందులోంచి నలభై ఏళ్ళ ఒమానీ ఆవిడ దిగింది. పేరు జైనబ్. ఖురంలో ఒక ఆఫీసులో మేనేజరు. బుర్ఖాలాంటి తన అబాయా చేతుల పొడవు తగ్గించమని ఇచ్చి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"సిస్టర్, నీ కుట్టు నాకు నచ్చింది. తోలు మీద కూడా ఇంత నీటుగా కుట్టగలవా? నా కారు సీటు ఎండకు పగిలిపోయింది," అని హిందీలో అడిగింది.

"కుడతాను మేడమ్," అనేసింది రాబియా. అప్పటికి ఆమె ఒమాన్ వచ్చి మూడేళ్ళు. మొగుడు ఎహసాన్ సోహార్‌లో ఒక కంపెనీ బస్సు నడుపుతూ, వారాంతానికి వచ్చిపోతుండేవాడు. ప్రొద్దుటూరులో పద్నాలుగో ఏట మిషన్ ఎక్కినప్పటి నుంచి ఆమె కుట్టినవి జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, ఇక్కడికొచ్చాక అబాయాలు. కారు సీటును ముట్టుకున్నది లేదు. కానీ ఆమెకొక జబ్బుండేది. ఎక్కడ ఏ కుట్టు కనబడ్డా తిరగేసి చూడందే ఊరుకోదు. నికా రోజున పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు షేర్వానీ అంచు మెల్లగా తిప్పి లోపలి కుట్టు పరీక్షించిందట. ఈ ముచ్చట ఎహసాన్ ఇప్పటికీ దొరికిన వాళ్ళందరికీ చెబుతాడు. అట్లాంటి మనిషికి ఒక సీటును మొత్తం ఊడదీసి తిరగేసే అవకాశమొస్తే వదులుకుంటుందా!

మర్నాడు మబేలాలోని గ్యారేజీల పేట నుంచి ఒక పికప్‌లో రెండు సీట్లు వచ్చాయి. తెచ్చినవాడు ఓంకార్. జగిత్యాల మనిషి, యాభై దాటినవాడు, గ్యారేజీలో డెంటర్. నొక్కుకుపోయిన రేకును చేతి సుత్తితో తట్టి తట్టి పాత రూపుకు తేవడం అతని పని. తెలుగు మాట చెవిన పడగానే మొహం విప్పారింది.

"మనోల్లేనా చెల్లె! పైలంగ కుట్టు మరి. గీ కారు మీద మేడమ్‌కు మస్తు పానం," అన్నాడు.

డ్రైవరు సీటు కవరు ముక్కలు ముక్కలైపోయింది. పక్క సీటు బాగానే ఉంది. రాబియా తెలివిగా పక్క సీటు కవరు విప్పి, దాని కొలతలే ఎడమ కుడి తిప్పి తోలు కత్తిరించింది. రెండు రోజులు కుట్టింది. మూడో రోజు తొడిగితే ఎక్కదే! ఒక చోట బిగుతు, ఒక చోట జోలె. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టేపు తీసుకుని రెండు సీట్లను అంగుళం అంగుళం కొలిచింది. కొలుస్తూ కొలుస్తూ ఆగిపోయింది. రెండూ ఒకటి కావు! పక్క సీటు మామూలు కుర్చీలా ఉంది. డ్రైవరు సీటుకు మాత్రం పక్కల గోడలు వేరుగా, తొడలను పట్టి ఉంచేట్టు మలిచి ఉన్నాయి.

ఓంకార్‌కు ఫోన్ కొట్టింది. "అన్నా, ఇది కుర్చీ కాదన్నా, జాకెట్టు! మనిషికి కొలతలు తీసి కుట్టినట్టు కుట్టినారు. మలుపులో మనిషి జారిపోకుండా పట్టుకునేది ఇదే!"

"నాకెర్కలేదా? గది త్రీఫిఫ్టీ జెడ్, పరుగుల కారు," అన్నాడు ఓంకార్ నవ్వుతూ. "కానీ సీటు జూసి కనిపెట్టినదానివి నువ్వే ముందు."

మళ్ళీ కొలిచి కుట్టిన ఆ ఎర్ర కారు సీటు చూసిన జైనబ్ స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మస్కట్‌లో జెడ్ కార్లంటే పడిచచ్చేవాళ్ళ గుంపొకటి ఉందని రాబియాకు అప్పుడే తెలిసింది. తొమ్మిదేళ్ళలో ఆమె చేతి మీదుగా ఆ కార్ల కుటుంబం దాదాపు అంతా నడిచిపోయింది. కుటుంబమన్న మాట ఓంకార్‌ది.

"గివన్నీ ఒక్క ఇంటోల్లు చెల్లె," అని టీ తాగుతూ చెప్పేవాడు. "పెద్దాయన అరవై తొమ్మిదిల జపాన్ల పుట్టిండు. డాట్సన్ టూఫార్టీ జెడ్. పొడుగు ముక్కు, కురచ తోక. గాయనతోని కలిపి ఏడు తరాలు. ఇంజిన్లు మారినయ్, పేర్లు మారినయ్, గా ముక్కూ తోకా మాత్రం ఇంటి పోలిక పోలే."

రాబియాకు ముక్కూ తోకా కంటే లోపలి సంగతులే గుర్తుండేవి. రెండో తరం టూఎయిటీ జెడ్ఎక్స్ సీటు చేతికొచ్చినప్పుడు ఇంత మెత్తదనం ఏమిటా అని ఆశ్చర్యపోయింది. మఖ్మల్ బట్ట, దిండులాంటి కుషన్. పెద్దాయన పరుగు కోసం పుడితే, ఈయన సుఖానికి మరిగాడన్నమాట. మూడో తరం త్రీహండ్రెడ్ మళ్ళీ మొహం కోసుగా చేసుకుని, ఆరు సిలిండర్లనూ రెండు వరసలుగా మార్చుకుని, ఇంజిన్‌కు బలమిచ్చే టర్బో తగిలించుకుని వచ్చింది. నాలుగో తరానిదీ అదే పేరు గానీ మనిషి వేరు. వెడల్పు, నేలబారు, ఒకటికి రెండు టర్బోలు. దాని తలుపుల లోపలి వైపు కూడా స్వెడ్ లాంటి నూగుబట్ట చూసి, "గోడలకు కూడా చీర కట్టినారే!" అని మురిసిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు వంశం ఆగినంత పనైందనీ, రెండువేల రెండులో త్రీఫిఫ్టీతో మళ్ళీ నిలబడిందనీ ఓంకార్ చెప్పాడు. ఆరోదైన త్రీసెవెంటీ దానికంటే పొట్టి, బిగువు. ఏడోది, ఈ మధ్యనే వచ్చిన కొత్త జెడ్, సీటు మీద అదనపు కుట్టు వేయించుకోవడానికి షాపుకొచ్చింది. డాష్‌బోర్డు నెత్తిన వరసగా మూడు చిన్న గడియారాల్లాంటి మీటర్లు పెట్టుకుని ఉంది.

"గవి పెద్దాయన నుంచి తెచ్చుకున్నయే," అన్నాడు ఓంకార్. "మూతి పెద్దాయనది, ఎనక దీపాలు నాలుగో ఆయనవి. మనుమనికి తాత పోలిక వచ్చినట్టు."

"ఆ పెద్దాయన్ని ఒక్కసారి చూడాలన్నా నాకు," అంది రాబియా. ఏడు తరాల్లో ఆమె చెయ్యి పడనిది అదొక్కటే.

కిందటి డిసెంబరులో ఆ కోరిక తీరింది. జైనబ్ షాపులోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. జనవరి మొదటి శుక్రవారం పొద్దున ఖురంలో, సముద్రం పక్కనున్న మైదానంలో, ఏడు తరాల జెడ్‌లనూ వరసగా నిలబెడదామని వాళ్ళ గుంపు నిశ్చయించింది. ఆరు ఉన్నాయి. మొదటిది జైనబ్ తండ్రి ఖల్ఫాన్‌ది. సోహార్ దగ్గర వాళ్ళ ఖర్జూరపు తోటలో, రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా పడి ఉంది.

ఆ కారును ఖల్ఫాన్ డెబ్బై మూడులో కొన్నాడు. ఊళ్ళోకి కొత్తగా తారు రోడ్డు వచ్చిన కాలం. వాళ్ళ ఊళ్ళో అదే మొదటి కారు. గాడిద మీద తప్ప ఎక్కడికీ వెళ్ళని వాళ్ళమ్మను ఎక్కించుకుని రోడ్డు మీదికి వస్తే, ఆమె కిటికీ పట్టుకుని, "మెల్లగా పోరా, మన భుజాల మీది దేవదూతలు వెనకబడిపోతున్నారు!" అని అరిచిందట. ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిది. మోకాళ్ళ నొప్పులు. చేతులు మాత్రం గట్టివే.

కారు మబేలా గ్యారేజీకి వచ్చింది. ఓంకార్ మూడు వారాలు పైకీ కిందికీ పాకి తుప్పు తీసి, రేకు మార్చి, దానికి మళ్ళీ ఆకారం తెచ్చాడు. నారింజ రంగు పడింది. ఇంజిన్ గురకపెట్టి, దగ్గి, లేచి కూర్చుంది. మిగిలింది లోపలి పని.

రాబియా రెండు సీట్లూ నల్ల రెక్సిన్‌తో చేసి పక్కన పెట్టింది. అవి తేలికే. ఆమె మనసంతా ఇంకొక దాని మీదుంది. రెండు సీట్ల నడుమ గేర్ల పెట్టె మీద మూపురంలా లేచిన భాగముంటుంది. పెద్దాయనకు దాని మీద, వెనక చక్రాల గుమ్మటాల మీద, నల్ల రెక్సిన్ పరిచి ఉండేది. దానిమీద అంతా డైమండ్ గళ్ళు. పాతది ఎండకు పెంకులైపోయి, అరచేతంత ముక్కొక్కటే పాచిపోయిన స్పాంజికి అతుక్కుని మిగిలింది. ఆ ముక్క మీద గళ్ళ కొలత చూసుకుని, కొత్త రెక్సిన్ కింద స్పాంజి వేసి, నల్లదారంతో ఒక్క గీత వంకర పోకుండా రెండు రోజుల్లో మొత్తం కుట్టేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు మెరిసింది మూపురం.

సోమవారం మధ్యాహ్నం రాబియా గ్యారేజీలో ఉండగానే ఖల్ఫాన్ కర్ర పట్టుకుని, జైనబ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. ఓంకార్ భుజం తట్టాడు. తలుపు తీసి, వంగి, మూపురం మీద అరచెయ్యి పెట్టాడు. మెల్లగా ముందుకూ వెనక్కూ జరిపాడు. మొహం మారింది. జైనబ్‌తో అరబ్బీలో ఏదో అన్నాడు.

"బాబా ఏమంటున్నారు మేడమ్?" అని రాబియా అడిగింది.

జైనబ్ తటపటాయించింది. "చాలా బాగుందంటున్నారు. కానీ... మా కారుకు ఇక్కడ దారం ఉండేది కాదు, చేతికి దారం తగులుతోంది అంటున్నారు."

"దారం లేకుండా గళ్ళెట్ట వస్తాయి?" అంటూనే రాబియా ఆ అరచేతంత పాత ముక్కను తీసుకుని, స్పాంజి గీకి, తిరగేసింది. వెనక గుడ్డ మీద ఒక్క సూది రంధ్రం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ గళ్ళు ఎవరూ కుట్టలేదు. వేడి మీద అచ్చుతో ఒత్తారు.

ఏ కుట్టునైనా తిరగేసి చూసే మనిషి, ఆత్రంలో ఈ ఒక్కదాన్నీ తిరగేయలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే ఆ సిగ్గు అడుగు నుంచి ఇంకేదో ఉబికి వచ్చింది. ఆమె కళ్ళు మెరిశాయి.

"సిస్టర్, పర్వాలేదు. ఎవరూ గమనించరు," అంది జైనబ్.

"బాబా గమనించినారు కదా మేడమ్. శుక్రవారానికి ఇంకా మూడు రోజులుండాయి. ఓంకారన్నా, నీకు పని చెప్తాండా. ఇనుప పట్టీలో, అల్యూమినియం పట్టీలో, సన్నటివి, ఈ గళ్ళ కొలతకు జాలీ మాదిరి చేసియ్యి. అంచులు చేతికి కోసుకోకూడదు."

"జాలీ దేనికి చెల్లె?"

"మా షాపులో రాళ్ళ ప్రెస్సు ఉండాది!"

అబాయాల మీద మెరుపు రాళ్ళు అతికించే ప్రెస్సు అది. కింద పళ్ళెం, పైన వేడెక్కే పళ్ళెం, పిడి లాగితే రెండూ గట్టిగా అదుముకుంటాయి. మంగళవారం పొద్దున్నే ఓంకార్ అల్యూమినియం జాలీతో దిగాడు. ప్రెస్సులో రెక్సిన్ పెడతామనగానే చాంద్ బీ రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆమెది హైదరాబాదు.

"నక్కో మా, నక్కో! పెళ్ళివాళ్ళ అబాయాలున్నాయి నాకు. కారు వాసన పట్టిందంటే ఎవరు వేసుకుంటారు?"

"చాంద్ ఆపా, ఒక్క రోజు. పాడైతే నీ అబాయాలన్నిటికీ రాళ్ళు నేను సూదితో కుడతా."

చాంద్ బీ గొణుక్కుంటూ అబాయాలన్నీ లోపలి గదిలోకి మోసుకుపోయి తలుపేసుకుంది.

మొదటి ముక్క. వేడి బాగా పెంచి, జాలీ పెట్టి, పిడి లాగారు. చురచురమంది. పొగ. రెక్సిన్ కరిగి జాలీకి జీడిలా సాగింది. లోపలి గదిలోంచి చాంద్ బీ దగ్గు, ఆ వెనకే తిట్లు. రెండో ముక్కకు వేడి బాగా తగ్గించారు, జాలీకీ రెక్సిన్‌కూ నడుమ పల్చటి నూలుగుడ్డ వేశారు. తీసి చూస్తే గళ్ళు! అచ్చం పెద్దాయన గళ్ళే! ఓంకార్ చప్పట్లు కొట్టాడు. ఇద్దరూ చాయ్ తాగి వచ్చేసరికి గళ్ళన్నీ చల్లారిన పూరీలా అణిగిపోయాయి. మూడోది, నాలుగోది, అయిదోది అన్నీ అంతే. వేడి ఎక్కువైతే కరగడం, తక్కువైతే కలిసిపోవడం. బుధవారం మధ్యాహ్నానికి ఒక్క ముక్కకు సరిపడా రెక్సిన్ మిగిలింది.

"చెల్లె, కుట్టిందే పెడదాం. అది సుత బాగనే ఉన్నది," అన్నాడు ఓంకార్.

రాబియా మూలనున్న స్కర్టు వైపు చూస్తోంది. ఒక స్కూలు పిల్లకు కుచ్చిళ్ళ స్కర్టు కుట్టి, ఇస్త్రీ చేసి, దాని మీద చెక్కపలక పెట్టి ఉంది. ప్రొద్దుటూరులో యూనిఫారాలు కుట్టే రోజుల నుంచీ అదే పద్ధతి. ఇస్త్రీ తీసిన వెంటనే వదిలేస్తే కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. చల్లారేదాకా బరువు పెడితేనే నిలబడతాయి.

"అన్నా! మడతను నిలబెట్టేది వేడి కాదన్నా! చల్లారేటప్పుడు మోసే బరువు! మనం వేడిమీదనే పిడి ఎత్తేస్తాండాం!"

ఆఖరి ముక్క పెట్టారు. వేడి ఎక్కువా కాదు, తక్కువా కాదు. పిడి లాగి, నిమిషం లెక్కపెట్టి, కరెంటు ఆపేసింది. పిడి మాత్రం ఎత్తలేదు. ఎత్తకుండా దానిమీదికి వాలిపోయి కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. ఓంకార్ విసనకర్రలా అట్టముక్క ఊపాడు. లోపలి గది తలుపు సందులోంచి చాంద్ బీ తల బయటికి వచ్చింది. పళ్ళెం చేతికి చల్లగా తగిలాక రాబియా 'బిస్మిల్లా' అని పిడి ఎత్తింది.

గళ్ళు. నిఖార్సైన గళ్ళు. వేలితో నొక్కింది. పోలేదు. వంచింది. పోలేదు. గంట ఆగి చూశారు. పోలేదు.

రాబియా అరిచిన అరుపుకు పక్కనున్న కిరాణా షాపు కేరళ మలబారీలు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఓంకార్ "శెభాష్ చెల్లె, శెభాష్!" అంటూ బల్ల మీద దరువేశాడు. అందరికంటే పెద్దగా నవ్వింది చాంద్ బీయే. "నా ప్రెస్సు కదా!" అంది. గురువారం పొద్దున కొత్త రెక్సిన్ చుట్ట రాగానే మిగతా భాగాలన్నీ అదే లెక్కన ఒత్తి, సాయంత్రం నమాజుకు ముందే కారులో అమర్చేశారు.

శుక్రవారం పొద్దున ఖురం మైదానంలో సముద్రపు గాలి జివ్వుమని కొడుతోంది. సోహార్ నుంచి ముందు రోజే వచ్చిన ఎహసాన్ పెళ్ళాం పక్కన నిలబడి కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఆరు కార్లు వరసగా నిలబడ్డాయి. ఒక చివర కొత్తది మెరుస్తోంది. ఇంకో చివర ఖాళీ చోటు. జనం మెడలు సాచారు. అప్పుడు వినిపించింది, రోడ్డు మలుపు అవతల నుంచి, ఆరు సిలిండర్లు ఒక్క గొంతుతో పాడుతున్న శబ్దం. నారింజ రంగు పెద్దాయన పొడుగు ముక్కు ముందుకు పెట్టుకుని వచ్చాడు. నడిపేది ఖల్ఫాన్! పక్క సీట్లో జైనబ్, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

కారు ఆగాక ఖల్ఫాన్ దిగలేదు. అరచెయ్యి మూపురం మీద పెట్టి, ముందుకూ వెనక్కూ జరిపాడు. మళ్ళీ జరిపాడు. తల తిప్పి జనంలో రాబియాను వెతికి పట్టుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఇదే," అన్నాడు. అరబ్బీయే అయినా ఆమెకు ఎవరూ తర్జుమా చేయాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత గంటసేపు రాబియాకు ఊపిరి సలపలేదు. ఒకాయన తన త్రీహండ్రెడ్ తలుపు నూగుబట్ట ఊడిందని లాక్కుపోయాడు. ఇంకొకాయన దుబాయిలో తన తమ్ముడి దగ్గరా ఒక టూఫార్టీ ఉందనీ, గళ్ళు కావాలనీ ఫోన్ చేసి చేతికిచ్చాడు. చాంద్ బీ అందరికీ షాపు దారి చెబుతోంది. లేడీస్ టైలరింగ్ బోర్డు పక్కనే కారు సీట్ల బోర్డు కూడా వచ్చే వారం పెడుతున్నామని ప్రకటించేసింది కూడా. ఓంకార్ ఏడు కార్ల ముందూ వంగి వంగి, తాను తట్టిన రేకులన్నీ ఎహసాన్‌కు చూపిస్తున్నాడు.

"సిస్టర్, రా," అంది జైనబ్ నారింజ కారు తాళంచెవి ఊపుతూ. "బాబా నిన్ను తిప్పమన్నారు. ఇన్నేళ్ళుగా సీట్లు కుడుతున్నావు, ఒక్కదాంట్లోనైనా కూర్చుని పోయావా?"

పోలేదు. నిజమే. రాబియా దుపట్టా బిగించుకుని, వంగి, తాను కుట్టిన సీట్లో తానే ఒదిగి కూర్చుంది. మోచెయ్యి గళ్ళ మీద ఆనింది. జైనబ్ గేరు వేసింది. సముద్రం పక్క రోడ్డు మీదికి రాగానే ఇంజిన్ గొంతు పెరిగింది, వీపు సీటుకు అతుక్కుపోయింది, ఖర్జూరపు చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి పరుగెత్తాయి. మలుపు వచ్చింది. సీటు పక్కలు ఆమెను పట్టి ఆపాయి, తాను వేసిన కుట్టు తన వీపుకే తెలిసింది.

"భయమేస్తోందా?" అని గాలిలో అరిచింది జైనబ్.

"లేదు మేడమ్!" హిందీ మర్చిపోయి రాబియా కడప తెలుగులో కేకేసింది. "ఇంకా గట్టిగ పోనీ! పోనీ!"

జైనబ్‌కు ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా కాలు ఇంకాస్త నొక్కింది.